మూడో తరగతి లెక్కల పరీక్ష: గ్రేడు ఇచ్చారు, తప్పు ఎక్కడో చెప్పలేదు

కోటవీధి_అమ్మ
మా పాప విజయనగరంలో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి చదువుతోంది. గత నెలలో ఆ బడి శాఖలన్నింటికీ ఒకే ప్రశ్నపత్రంతో లెక్కల పరీక్ష పెట్టారు. 30 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగేసి జవాబులు, ఓఎంఆర్ పత్రంలో సున్నాలు నింపాలి. పదిహేను రోజుల తరువాత మా చేతికి ఒక రంగుల కార్డు వచ్చింది. అందులో ‘తీసివేత: సి గ్రేడు, మరింత శ్రద్ధ అవసరం’ అని రాసి ఉంది. ప్రశ్నపత్రం ఇంటికి ఇవ్వరట. తల్లిదండ్రుల సమావేశం రోజున నేను గట్టిగా అడిగితే ఐదు నిమిషాలు చూడనిచ్చారు. 52 లోనుంచి 27 తీసివేయమన్న లెక్కకు మా పాప 35 ఎదురుగా ఉన్న సున్నాను, అంచు కూడా దాటకుండా, ఎంతో పొందికగా నింపింది. ఆ నింపిన తీరు చూస్తే నాకు గుండె కలుక్కుమంది. ఎందుకంటే తనకు ఆ జవాబు మీద అనుమానమే లేదన్నమాట.

ఇంటికి వచ్చి అడిగితే, ‘తీసేశానమ్మా, సరిగ్గానే తీసేశాను’ అంటుంది తప్ప మరేమీ చెప్పలేకపోతోంది. ఇంట్లో చిల్లర ఇచ్చి అంగడికి పంపితే మిగిలినది సరిగానే తెస్తుంది. ఇంతకీ ఈ పరీక్ష ఎవరికి ఏం చెప్పడానికి పెట్టినట్టు? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

రాజాం_రహదారి
పరీక్ష పెట్టబట్టే కదా, పాపకు తీసివేతలో ఇబ్బంది ఉందని మీకు తెలిసింది. మా అన్నగారి అబ్బాయి ఐదో తరగతి దాకా ప్రతి ఏడూ మంచి మార్కులతో పాసవుతూ వచ్చాడు, ఆరో తరగతిలో చేర్చాక గానీ భాగహారం అసలు రాదని బయటపడలేదు. సొంత బడి పెట్టే పరీక్షలో సొంత పిల్లలందరూ తెలివైనవారుగానే కనిపిస్తారు కాబట్టి, బయటి ప్రశ్నపత్రం ఉండి తీరాలని నా అభిప్రాయం.

గణాంకాల_గది
రెండు రకాల పరీక్షలను మనం ఒకే పేరుతో పిలుస్తున్నాము. మొదటిది నమూనా సర్వే. జాతీయ సాధన సర్వే 2017 నవంబరు 13న 3, 5, 8 తరగతులకు, 2021 నవంబరు 12న వాటితోపాటు పదో తరగతికీ జరిగింది. 2024 డిసెంబరు 4న ‘పరఖ్’ పేరుతో 3, 6, 9 తరగతులకు పెట్టారు. ఇందులో కొన్ని బడులను, ఆ బడుల్లో కొందరు పిల్లలను ఎంచుకుని రాయిస్తారు. ఫలితం జిల్లా గురించి, రాష్ట్రం గురించి వస్తుంది కానీ, ఫలానా పాపకు ఫలానా గ్రేడు అని రాదు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు పట్టుకుంటే చాలు, కుండంతా పిసకనక్కరలేదు. ఆ పనికి ఈ సర్వేలు బాగా పనికివస్తాయి.

రెండోది, కోటవీధి అమ్మగారి పాప రాసినది. అక్కడ ప్రతి మెతుకుకూ విడిగా గ్రేడు వేస్తున్నారు. అలా వేయదలచుకుంటే ఒక్కో నైపుణ్యానికి చాలినన్ని ప్రశ్నలు ఉండాలి. 30 ప్రశ్నల పత్రంలో తీసివేతకు మూడో నాలుగో ఉంటాయేమో. వాటిలో రెండు తప్పితే ‘సి’ అంటే, ఆ గ్రేడులో పాప ఎంత ఉందో, ఆ రోజు పొరపాటు ఎంత ఉందో విడదీయలేము.

నాగావళి_మాస్టారు
శ్రీకాకుళం దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. అమ్మా, మీరు చెప్పిన ఆ 35 అనే జవాబు గురించి రెండు మాటలు రాయాలి.

పిల్లలు తీసివేతలో ఊరికే తప్పు చేయరు. వాళ్ళ లెక్క ప్రకారం వాళ్ళు ఒక పద్ధతిలోనే చేస్తారు. మొదటి రకం పిల్లవాడు పైనున్న 2 లోనుంచి కిందనున్న 7 పోదు కాబట్టి, తిరగేసి 7 లోనుంచి 2 తీసి 5 వేస్తాడు. పదుల స్థానంలో 5 లోనుంచి 2 తీసి 3 వేస్తాడు. జవాబు 35. వీడికి స్థానవిలువ ఇంకా అందలేదు. రెండో రకం పిల్లవాడు పక్కింటికి వెళ్ళి పది అప్పు తెచ్చుకుంటాడు, 12 లోనుంచి 7 తీసి 5 వేస్తాడు, ఇంతవరకు అంతా సరే. అయితే అప్పు ఇచ్చిన పక్కింట్లో ఒకటి తగ్గించడం మరచిపోయి, 5 లోనుంచి 2 తీసి 3 వేస్తాడు. వీడి జవాబూ 35 అవుతుంది. వీడికి పాఠం ముప్పాతిక వంతు వచ్చేసింది.

ఈ ఇద్దరికీ చెప్పవలసిన పాఠాలు వేరు. కానీ 52 − 27 అనే లెక్కలో ఇద్దరూ ఒకే సున్నాను నింపుతారు. ప్రశ్న రాసినవారు ఆ సంగతి చూసుకోలేదు. ఒక్క అంకె మార్చి 53 − 27 ఇచ్చి ఉంటే సరైన జవాబు 26, తిరగేసి తీసేవాడికి 34, తగ్గించడం మరచినవాడికి 36, గుర్తు చూడకుండా కూడేసినవాడికి 80 వచ్చేవి. నాలుగు సున్నాల్లో ఏది నల్లబడిందో చూడగానే, మరుసటి రోజు ఏ పాఠం చెప్పాలో టీచరుకు తెలిసిపోయేది. నేను పరీక్షకు వ్యతిరేకిని కాను. తప్పు జవాబులో కూడా సమాచారం ఉండాలంటాను, ఆ సమాచారం తరగతి గదికి తిరిగి రావాలంటాను.

ఈ సాయంత్రం పాపకు 53 − 27 ఇవ్వండి. చేస్తున్నంతసేపూ ఏమీ అనకండి.

కోటవీధి_అమ్మ
తప్పకుండా ఇస్తాను మాస్టారూ. పాప ప్రస్తుతం అమ్మమ్మగారి ఊరు చీపురుపల్లిలో ఉంది, ఆదివారం తిరిగి రాగానే చేయించి రాస్తాను. మీరు చెప్పిన మొదటి రకమే అయి ఉంటుందని నాకు అనిపిస్తోంది, తనకు అన్నింటా తొందర ఎక్కువ.

ఎచ్చెర్ల_నాన్న
మా వాడు నాలుగో తరగతి. ఓఎంఆర్ పత్రంలో ఏడో ప్రశ్న వదిలేసి, ఎనిమిదో ప్రశ్న జవాబును ఏడో వరుసలో నింపాడు. అక్కడి నుంచి చివరిదాకా అన్నీ ఒక వరుస పైకి జరిగిపోయాయి. మార్కులు చూసి ఇంట్లో వాడికి చివాట్లు పడ్డాయి, ఆ చివాట్లు పెట్టినవాణ్ణి నేనే. రెండు వారాల తరువాత క్లాసు టీచరు ఓపికగా ప్రశ్నపత్రం, జవాబు పత్రం పక్కపక్కన పెట్టి చూసి ఈ సంగతి చెప్పారు. తొమ్మిదేళ్ళ పిల్లవాడికి లెక్క వచ్చా, వరుస వచ్చా అన్నవి రెండు వేరు ప్రశ్నలు.

రాజాం_రహదారి
వరుస తప్పడం నాలుగు సార్లు సాధన చేయిస్తే పోయే సమస్య, దానికోసం పరీక్షనే తీసేయనక్కరలేదు. మన రాష్ట్రంలోనే జరిగిన ఒక పరిశోధనను గుర్తుచేస్తాను. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో, పిల్లల పరీక్ష ఫలితాల్లో వచ్చిన మెరుగుదలను బట్టి ఉపాధ్యాయులకు బోనసు ఇచ్చి చూశారు. బడులను చీటీలు వేసినట్టు యాదృచ్ఛికంగా ఎంపిక చేశారు. రెండేళ్ళలో బోనసు ఉన్న బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ ముందుకు వెళ్ళారు, లెక్కల్లో ఆ తేడా మరింత ఎక్కువ. బోనసుతో సంబంధం లేని సైన్సు, సోషల్ లోనూ బాగా చేశారు. ఆ వ్యాసం 2011లో అచ్చయింది. పరీక్ష కోసం బోధిస్తే చదువు పాడవుతుందని అందరూ అనే మాటకు ఇది గట్టి జవాబు కాదా?

రెండు_తరగతుల_టీచరు
రాజాం గారూ, ఆ పరిశోధన నాకూ తెలుసు, దాన్ని గౌరవిస్తాను. అందులోని ప్రశ్నపత్రాల్లో పాఠ్యపుస్తకంలోని లెక్కల్లాంటివే కాక, అదే విషయాన్ని కొత్త రూపంలో అడిగే ప్రశ్నలు కూడా ఉన్నాయి. రెండు రకాల్లోనూ పిల్లలు మెరుగుపడ్డారు. అంటే అక్కడ పరీక్ష మంచిది కాబట్టి దానికోసం చెప్పిన పాఠమూ మంచిదైంది. మా దగ్గర జరిగేది వేరు.

నేను గజపతినగరం వైపు ఒక బడిలో మూడు, నాలుగు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చెబుతాను. ఒక సర్వేకు ముందు మూడు వారాలపాటు ‘ఇవాళ ఎన్ని నమూనా పత్రాలు చేయించారు’ అని ఫోనులో అడగని రోజు లేదు. ఆ మూడు వారాలూ భిన్నాల పాఠం ఆగిపోయింది. అంతకుముందు రోజే రొట్టెను నాలుగు ముక్కలు చేసి పావు, అర చూపించాను, మరునాడు ముప్పావు చెప్పాలి. చెప్పలేకపోయాను. మూడు వారాల తరువాత మళ్ళీ మొదటి రొట్టె దగ్గరికే రావలసి వచ్చింది.

కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ‘నిపుణ్ భారత్’ 2021 జూలైలో మొదలైనప్పుడు, 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్క రావాలన్న లక్ష్యం పెట్టారు. ఆ లక్ష్యం నాకు ప్రాణం. దాని దగ్గరికి పిల్లలను చేర్చడానికి దొరికే రోజులనే కొలతల కోసం ఖర్చు చేస్తుంటే బాధగా ఉంటుంది.

మహేంద్రగిరి_దిగువ
మందస మండలంలో కొండ దిగువ బడిలో పనిచేస్తున్నాను. మా పిల్లల్లో ఎక్కువమంది సవరలు. అందరికీ ఒకే ప్రశ్నపత్రం అన్నప్పుడు మా బడిలో ఏమవుతుందో చెప్పాలి.

తెలుగులో పది దాటాక పదకొండు, పన్నెండు, పదమూడు, ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు. పదుల లెక్క మాటలోనే వినిపిస్తుంది. సవర భాషలో లెక్కించడం పన్నెండు మీద, ఇరవై మీద నడుస్తుంది. పదమూడును పన్నెండు-ఒకటి అంటారు, పందొమ్మిది అంటే పన్నెండు-ఏడు. ముప్పై మూడు అనాలంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒక ఒకటి. తాతయ్య దగ్గర ఇలా లెక్కపెట్టడం నేర్చుకున్న పిల్లవాడిని ‘33లో ఎన్ని పదులున్నాయి’ అని అడిగితే వాడు ఆగిపోతాడు. వాడికి లెక్క రాక కాదు, వాడి లెక్కలో పదుల కట్ట అనేది లేదు. నేను మొదట్లో ఈ సంగతి తెలియక రెండేళ్ళు పిల్లలను మందమతులనుకున్నాను. ఆ మాట ఇక్కడ రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

గిడుగు రామమూర్తి పంతులుగారు వందేళ్ళకు పూర్వమే సవర నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. 2004 ప్రాంతంలో మన రాష్ట్రంలో బహుభాషా విద్య పేరుతో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలయ్యాయి. అయినా నా చేతికి వచ్చే ప్రశ్నపత్రాల్లో ఆ ఆలోచన నీడ కూడా కనిపించదు. ఇంగ్లీషులో ఒక పేజీ, తెలుగులో దాని ఎదుటి పేజీగా పాఠ్యపుస్తకం వచ్చిన తరువాత పల్లపు ఊళ్ళ పిల్లలకు కొంత వెసులుబాటు దొరికింది. మా పిల్లలకు ఆ రెండు పేజీలూ పరాయివే.

నాగావళి మాస్టారు చెప్పినట్టు తప్పు జవాబును చదవాలంటే, ముందు ఆ తప్పు ఏ భాషలో జరిగిందో తెలియాలి.

గణాంకాల_గది
మహేంద్రగిరి గారు రాసింది చదివాక నా మెతుకు పోలికను సవరించుకోవాలి. కుండలో అన్నీ ఒకే బియ్యమైతేనే ఒక మెతుకు సాక్ష్యం చెబుతుంది.

విశ్రాంత_హెడ్మాస్టరు
1974లో నేను ఉద్యోగంలో చేరినప్పుడు డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు సైకిలు మీద వచ్చి, పిల్లవాడిని లేపి నోటిలెక్క అడిగేవారు. ‘కుంచం గింజల్లో తవ్వ గింజలు తీస్తే ఎంత మిగులుతుందిరా’ అనేవారు. రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం కాబట్టి కుంచానికి ఎనిమిది తవ్వలు. ఏడు తవ్వలని వెంటనే చెప్పేవాళ్ళు ఉండేవారు, వేళ్ళు ముడుచుకుంటూ ‘అడ్డ, మానిక, తవ్వ’ అని చెప్పేవాళ్ళూ ఉండేవారు. రెండో జవాబు విని ఆయన ఎక్కువ సంతోషించేవారు, ఎందుకంటే ఆ పిల్లవాడు కొలతను విప్పి చూసుకున్నాడు. నాలుగు సున్నాల పత్రంలో ఈ తేడా పట్టుకోవడం కష్టం.

అయితే ఆ కాలం బంగారమని నేననను. ఆయన ముందు నోరు పెగలక బడి మానేసిన ఆడపిల్లలను నేను ఎరుగుదును. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి ఎనిమిదో తరగతి దాకా పిల్లలను అదే తరగతిలో ఆపకూడదన్నప్పుడు నేను మనస్ఫూర్తిగా ఆహ్వానించాను. 2019 సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి ఆపే వీలును రాష్ట్రాలకు మళ్ళీ ఇచ్చినప్పుడు కలతపడ్డాను. తప్పు తెలుసుకోవడానికి పరీక్ష ఎన్నిసార్లైనా పెట్టండి, ఆపడానికి మాత్రం వద్దు.

పలాస_అక్క
కోటవీధి చెల్లెమ్మ చిల్లర గురించి రాసిన మాట ఎవరూ పట్టించుకోలేదు. నేను జీడిపప్పు పరిశ్రమలో మేస్త్రీగా పనిచేస్తాను. మా దగ్గర పప్పు ఒలిచే ఒకామె కూతురు ఐదో తరగతి. తల్లికి కిలోల లెక్కన వచ్చే కూలి, అందులో ముందుగా తీసుకున్న బాకీ, మిగిలినది ఎంతో ఆ పిల్ల గుమ్మం దగ్గర నిలబడే చెబుతుంది. నేను కాలిక్యులేటరు మీద చూసుకుంటే ఎప్పుడూ పైసా తేడా రాలేదు. అదే పిల్లకు బడిలో లెక్కలకు ‘సి’ వచ్చింది. ఆ కార్డు పట్టుకుని ఆ తల్లి నన్ను అడిగింది, ‘మా పిల్లకి లెక్కలు రావంట కదమ్మా, మానిపించేయమంటారా’ అని. నేను ఆ రోజు వాళ్ళింటికి వెళ్ళి గంటసేపు కూర్చుని, మానిపించనని మాట తీసుకుని వచ్చాను.

గణాంకాల_గది
అక్కా, మీరు చూసినదాన్నే అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరికొందరు కోల్‌కతా, ఢిల్లీ సంతల్లో సరుకు అమ్మే పిల్లల దగ్గర పరీక్షించి 2025లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. ఆ పిల్లలు బేరంలో చిక్కు లెక్కలను నోటితోనే తేల్చేశారు. అవే లెక్కలను బడి పుస్తకంలో ఉన్నట్టు కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బడికి వెళుతూ సంతలో పనిచేయని పిల్లలు దీనికి తలకిందులుగా, కాగితం మీద చేయగలిగి బేరంలో తేలిపోయారు. ఇటు తెలివి అటు దానంతట అది దాటడం లేదు. మధ్యన వంతెన వేయవలసింది బడి.

రాజాం_రహదారి
అలాగైతే పిల్లల చదువు మీద సర్వే చేసే ‘అసర్’ వాళ్ళ పద్ధతి మేలు అనిపిస్తోంది. 2005 నుంచి వాళ్ళు పల్లెల్లో ఇంటికే వెళ్ళి, పిల్లవాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అంకెలు గుర్తించడం నుంచి మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం దాకా ఒక్కో మెట్టూ అడుగుతారు. సున్నాలు నింపే పని లేదు. కానీ ప్రతి బిడ్డకూ అలా చేయడానికి మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? అందుకే ఒకే పత్రం అందరికీ ఉండాలన్న నా మాట నేను వదులుకోను. పత్రాన్ని మాస్టారు చెప్పినట్టు రాయమనండి, జవాబు పత్రం ఇంటికి ఇవ్వమనండి.

లీడ్స్_పిన్ని
మాది శ్రీకాకుళమే, పదకొండేళ్ళుగా ఇంగ్లండులో ఉంటున్నాము. ఇక్కడ 2022 నుంచి నాలుగో సంవత్సరం పిల్లలందరికీ, అంటే ఎనిమిది తొమ్మిదేళ్ళ వాళ్ళకు, ఎక్కాల పరీక్ష తప్పనిసరి చేశారు. కంప్యూటరు మీద 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 6 సెకన్లు. పాస్ మార్కు అంటూ ఏదీ లేదు. అయినా మా చిన్నది పరీక్షకు ముందు రోజు రాత్రి నిద్రలో ‘ఏడు ఎనిమిదులు’ అని కలవరించింది. దానికి 56 అని తెలుసు, 6 సెకన్లలో తెలుసా అన్నదే దాని భయం.

విశ్రాంత_హెడ్మాస్టరు
ఎక్కాలు మాత్రం నోటికి రావాలమ్మా, అందులో నేను రాజీపడను. ఎక్కం వచ్చిన పిల్లవాడికి భాగహారంలో మనసు లెక్క మీద ఉంటుంది, రానివాడికి వేళ్ళ మీద ఉంటుంది. గడియారం పెట్టడం వేరే సంగతి.

కోటవీధి_అమ్మ
పాప నిన్న సాయంత్రం వచ్చింది. అన్నం తిన్నాక పలక ఇచ్చి 53 − 27 వేయమన్నాను. మాస్టారు చెప్పినట్టు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నాను. పాప 3 పక్కన చిన్నగా 1 వేసి 13 చేసుకుంది, వేళ్ళు మడిచి 6 వేసింది. నా ఊపిరి ఆగినట్టయింది. ఆ తరువాత 5 లోనుంచి 2 తీసి 3 వేసింది. జవాబు 36.

నేను అనుకున్నది తప్పు. మా పాపది తొందర కాదు. తనకు అప్పు తేవడం వచ్చు, ఇచ్చిన చోట తగ్గించడం ఒక్కటే రాదు. ‘మరింత శ్రద్ధ అవసరం’ అన్న ఆ కార్డును నమ్మి రెండు వారాలుగా తనకు రోజూ ఇరవై తీసివేతలు ఇచ్చి, అన్నింటినీ అదే తప్పుతో చేయించాను.

నాగావళి_మాస్టారు
బాధపడకండి అమ్మా. ఇక కొత్త లెక్కలు ఇవ్వడం ఆపండి. చీపురు పుల్లలు ఒకే పొడవున తుంచి, పదేసి చొప్పున దారంతో ఐదు కట్టలు కట్టి, మూడు విడి పుల్లలు పక్కన పెట్టండి. 27 పుల్లలు ఇమ్మని అడగండి. ముందు విడిగా ఏడు కావాలనండి. మూడే ఉన్నాయి కాబట్టి ఒక కట్ట తానే విప్పుతుంది. అప్పుడు ఎన్ని కట్టలు మిగిలాయో పలక మీద రాయమనండి. కట్ట విప్పిన ప్రతిసారీ 5 కొట్టివేసి 4 వేయాలి. చేయి, పలక రెండూ ఒకదాని వెంట ఒకటి నడవాలి. మూడు నాలుగు రోజుల తరువాత పుల్లలు తీసేయండి.

కోటవీధి_అమ్మ
ఇవాళ చేశాము. కట్ట విప్పి పుల్లలు చాప మీద పరవగానే తానే పలక వైపు చూసి, ‘అమ్మా, ఇక్కడ ఇంకా ఐదే ఉందేంటి’ అంది. రేపు క్లాసు టీచరుగారికి ఈ రెండు లెక్కలూ కాగితం మీద రాసి చూపిస్తాను, మిగతా పిల్లల పత్రాలు కూడా ఒకసారి ఇలా చూడమని అడుగుతాను.

ఎచ్చెర్ల_నాన్న
మాస్టారూ, నాలుగో తరగతి వాడికి అలాంటి ఒక లెక్క చెప్పగలరా? ఈసారి చివాట్లు పెట్టను.

నాగావళి_మాస్టారు
402 − 158 ఇవ్వండి. 244 వస్తే నిశ్చింతగా ఉండవచ్చు. 356 వస్తే పై అంకె చిన్నదైనప్పుడల్లా తిరగేసి తీస్తున్నాడు. 354 వస్తే మన విజయనగరం పాప చేసిన తప్పే చేస్తున్నాడు. 154 వస్తే, మధ్యలో సున్నా ఉందని దాన్ని దాటేసి వందల దగ్గరికే రెండుసార్లు అప్పుకు వెళుతున్నాడు, అప్పుడు వంద రూపాయల నోటు, పది రూపాయల నోట్లు పెట్టి మార్పించి చూపించండి. ఈ నాలుగూ కాక వేరే ఏదైనా వస్తే, వాడు చేసిన కాగితాన్ని చెరపకుండా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.